వృత్తాలతో మొదలయ్యే జంతువులు: కాగితం నుంచి నాజ్కా నేల దాకా

జంతువుల బొమ్మలు నేర్పే చోట ముందుగా ఒక వృత్తం, దాని పక్కన ఒక కోడిగుడ్డు ఆకారం, పైన రెండు త్రిభుజాలు గీయించి, వాటిని వంపు గీతలతో కలిపించి, చివరకు ఆ ఆకారాలన్నింటినీ రబ్బరుతో చెరిపించేస్తారు. అందువల్ల జ్యామితి ఆకారాలు కొత్తగా నేర్చుకునేవారికి ఊతకర్ర లాంటివనీ, చేయి తిరిగాక వాటితో పని ఉండదనీ చాలామంది అనుకుంటారు. పెరూ దేశపు దక్షిణ తీరంలో, నాజ్కా, పాల్పా పట్టణాల నడుమ ఎడారి నేల మీద ఉన్న జంతువుల బొమ్మలను శ్రద్ధగా చూసినవారు ఈ మాట అంత తేలిగ్గా అనలేరు. అక్కడ ఆకారాలను ఎవరూ చెరపలేదు; కోతి తోక చుట్టలు చుట్టుకున్న సర్పిలంగానే మిగిలింది, నీటిపక్షి మెడ వంకీగా అతికిన సరళరేఖలుగానే మిగిలింది. దీనికి కారణం అలంకారం మీది మోజు ఒక్కటే కాదని నా అభిప్రాయం. వృత్తానికి కేంద్రం ఎక్కడో, వ్యాసార్ధం ఎంతో తెలిస్తే చాలు. ఆ రెండూ తెలిసిన వృత్తాన్ని అరచేతిలోనూ గీయవచ్చు, మైదానంలోనూ గీయవచ్చు. చేతివాటంగా గీసిన వంపుకు అటువంటి లెక్క లేదు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు పెద్దది చేయడం కష్టం. ఈ వ్యాసంలో ముందు కాగితం మీద జంతువును ఆకారాలుగా విడదీయడం, తరువాత దాన్ని ఒకే గీతగా మార్చడం, ఆపైన ఆ గీతను తాడుతోనూ మేకులతోనూ నేల మీదికి ఎక్కించడం వివరిస్తాను.

ముందు ఆ ఎడారి గురించి కొంత తెలుసుకోవాలి. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగాన్ని గీసినది సుమారు క్రీస్తు పూర్వం 200 నుంచి క్రీస్తు శకం 600 దాకా అక్కడ వర్ధిల్లిన నాజ్కా సంస్కృతికి చెందిన ప్రజలు. ఆ నేల పైపొరలోని రాళ్ళు ఇనుపధాతువు వల్ల ముదురు ఎరుపు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. వాటిని ఏరి పక్కకు నెడితే అడుగున లేత రంగు మన్ను బయటపడుతుంది. చాలా గీతల లోతు 10 నుంచి 15 సెంటీమీటర్లకు మించదు. వాన దాదాపుగా పడని చోటు కావడం వల్ల అంత పలుచని గీతలే వేల సంవత్సరాలు నిలిచాయి. కొలతలు మాత్రం పెద్దవి: సాలీడు సుమారు 46 మీటర్లు, హమ్మింగ్ బర్డ్ 90 మీటర్లకు పైన, కాండోర్ పక్షి 130 మీటర్లకు పైన ఉంటాయి. యునెస్కో 1994లో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జర్మనీలో 1903లో పుట్టి, గణితం చదువుకుని, 1998లో మరణించేదాకా తన జీవితంలో అధిక భాగాన్ని ఈ గీతలకే అంకితం చేసిన మరియా రైషె, ఇక్కడి వంపుల్లో చాలావాటిని వేరువేరు వ్యాసార్ధాలు గల వృత్తచాపాలుగా విడదీయవచ్చని వాదించారు. ఆమె ప్రతిపాదించిన కొలమానాలన్నింటినీ ఒప్పుకోవలసిన పని లేదు గానీ, బొమ్మ గీసేవారికి ఆ ఒక్క సూచన ఎంతో విలువైనది.

కాగితం మీద: పెట్టె, రెండు గుండ్రాలు, మడమ

నాలుగు కాళ్ళ జంతువును పక్కనుంచి గీయడంతో మొదలుపెట్టడం మంచిది. కుక్కనే తీసుకుందాం. గుర్రంలోనూ, చాలా జాతుల కుక్కల్లోనూ ఛాతీ ముందు అంచు నుంచి పిరుదుల చివర దాకా ఉండే పొడవు, నేల నుంచి భుజం దాకా ఉండే ఎత్తుకు దాదాపు సమానంగా ఉంటుంది. కాబట్టి తల, తోక వదిలేసి, ముందుగా ఒక చతురస్రాన్ని పలుచగా గీయండి. దాన్ని అడ్డంగా సగానికి విభజించండి. ఛాతీ, పొట్ట పై సగంలో ఇముడుతాయి. కింది సగమంతా కాళ్ళకే చెందుతుంది. కొత్తవారి బొమ్మల్లో కుక్క ముక్కాలిపీటలాగా కనిపించడానికి కారణం ఈ సగం గీతను పట్టించుకోకపోవడమే: శరీరాన్ని లావుగా గీసుకుంటూ పోయి, మిగిలిన చోట్లో కాళ్ళను కుక్కేస్తారు.

పై సగంలో ముందువైపు ఛాతీ కోసం నిలువుగా కొంచెం వాలిన దీర్ఘవృత్తాన్ని గీయండి; వెనకవైపు తుంటి కోసం దానికన్నా చిన్న వృత్తాన్ని గీయండి. రెండింటినీ కలుపుతూ పైన వెన్ను గీత, కింద పొట్ట గీత గీస్తే మొండెం తయారవుతుంది. పొట్ట గీత వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. అది నేలకు సమాంతరంగా ఉంటే కుక్క బదులు బల్ల కనిపిస్తుంది. మెడను ఛాతీ దీర్ఘవృత్తపు పైకొస నుంచి కాకుండా దాని ముందు భుజం మీదుగా, వెడల్పుగా మొదలుపెట్టి తలవైపు సన్నబరచండి. తలకు ఒక వృత్తం, మూతికి దానికి అతికిన చిన్న దీర్ఘచతురస్రం, చెవులకు రెండు త్రిభుజాలు సరిపోతాయి.

వెనక కాలి దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ బొమ్మలు చెడిపోయేది ఇక్కడే. కుక్క వెనక కాలు వెనక్కి మడతపడే చోటును చాలామంది మోకాలు అనుకుంటారు. అది నిజానికి మడమ. మోకాలు పొట్టకు దగ్గరగా, ముందువైపు తిరిగి ఉంటుంది. అందుచేత తుంటి వృత్తం నుంచి ముందుకు ఒక గీత, దాని చివర మోకాలికి ఒక చిన్న చుక్క. అక్కడి నుంచి వెనక్కి కిందికి ఒక గీత, దాని చివర మడమకు మరొక చుక్క. అక్కడి నుంచి దాదాపు నిలువుగా నేల దాకా ఇంకొక గీత గీయండి. ఈ మూడు గీతల వంకీ సరిగా కుదిరితే, చుట్టూ కండ గీయకముందే అది జంతువు కాలని ఎవరికైనా తెలుస్తుంది. ముందు కాలిలో మోచేయి ఛాతీ అడుగంచు దగ్గర ఉంటుంది, అక్కడి నుంచి కాలు దాదాపు తిన్నగా దిగుతుంది.

పక్షికి ఇంత శ్రమ అక్కరలేదు: వాల్చిన కోడిగుడ్డు ఆకారం, పైన చిన్న వృత్తం, ముక్కుకు త్రిభుజం. కాళ్ళు మాత్రం శరీరపు బరువు పడే చోట, అంటే గుడ్డు మధ్యభాగం కింద రావాలి. తోక దగ్గర పెడితే పక్షి ముందుకు బోర్లా పడబోతున్నట్టు ఉంటుంది. చేపకు ఎదురెదురుగా వంగిన రెండు చాపాలు చాలు. పిల్లి వెన్ను బాగా వంగుతుంది కాబట్టి దానికి రెండు విడివిడి గుండ్రాల కన్నా ఒకే చిక్కుడుగింజ ఆకారం నప్పుతుంది.

ఇన్ని ఆకారాలు గీసిన తరువాత బయటి అంచును ఒకే ఒత్తిడితో గీయండి. లోపలి ఆకారాలను ఇప్పుడే చెరపవద్దు.

ఒకే గీతగా మార్చడం

నాజ్కాలోని పెద్ద జంతువుల బొమ్మలు చాలావరకు ఒక చోట మొదలై, శరీరమంతా చుట్టి, తన్ను తాను దాటకుండా, మొదలైన చోటి పక్కకే వచ్చి ముగిసే ఒకే గీతతో ఏర్పడ్డాయి. ఆ గీత వెంట మనుషులు వరుసగా నడిచేవారని కొందరు పరిశోధకులు భావిస్తారు. అది నిజమైనా కాకపోయినా, గీసేవారికి ఈ పద్ధతిలో ఉన్న లాభం స్పష్టం: గీత ఎక్కడా తెగదు, అతుకు ఉండదు, బొమ్మలో ఏది లోపలో ఏది బయటో సందేహం రాదు.

పక్కనుంచి గీసిన కుక్కను ఒకే గీతగా మార్చడం కుదురుతుంది గానీ, దూరపు కాళ్ళు దగ్గరి కాళ్ళ వెనక దాగడం పెద్ద చిక్కు. అందుకే ముందు చూపు కోణాన్ని ఎంచుకోవాలి. జంతువు ఏ వైపు నుంచి ఎక్కువగా తెలిసిపోతుందో ఆ వైపునే తీసుకోండి. నాజ్కా చిత్రకారులు సాలీడును పైనుంచి చూశారు, రెక్కలు చాచిన పక్షులను కూడా పైనుంచే చూశారు, కిల్లర్ వేల్‌ను పక్కనుంచి చూశారు. తరువాత సన్నని అవయవం ప్రతిదాన్నీ, అది కాలైనా ముక్కైనా ఈకైనా, దగ్గరదగ్గరగా సాగే రెండు సమాంతర గీతలుగా భావించండి. గీత ఒక వైపు నుంచి బయలుదేరి కొన దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి, రెండో వైపుగా శరీరం దగ్గరకు తిరిగి వస్తుంది. ఆ రెండు గీతల మధ్య ఎడం బొమ్మంతటా ఒకటే ఉండాలి. కాళ్ళ ఎడం ఒక చోట వెడల్పుగా, ఒక చోట ఇరుకుగా ఉంటే కాగితం మీద అంతగా కనిపించకపోవచ్చు; నేల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆఖరున, శరీరంలో ఒక చోట చిన్న ద్వారం వదిలి, గీత రెండు కొసలనూ అక్కడి నుంచి జంటగా బయటికి తీసుకువెళ్ళండి. వేలిని ఎత్తకుండా ఒకసారి గీత దారి పొడవునా పోనిచ్చి చూస్తే, ఎక్కడ గీత తన్ను తాను దాటుతోందో వెంటనే తెలిసిపోతుంది.

తోక చుట్టను చేతితో గీస్తే ఎప్పుడూ ఒక పక్కకు ఒరుగుతుంది. దానికి రెండు కేంద్రాల పద్ధతి ఉంది. అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద 1 సెంటీమీటరు దూరంలో రెండు చుక్కలు పెట్టండి. ఎడమది మొదటి కేంద్రం, కుడిది రెండో కేంద్రం. వృత్తలేఖిని ముల్లును మొదటి కేంద్రంలో గుచ్చి, 1 సెంటీమీటరు వ్యాసార్ధంతో, రెండో చుక్క నుంచి మొదలుపెట్టి, అడ్డగీతకు పైన అర్ధవృత్తం గీయండి. ముల్లును రెండో కేంద్రానికి మార్చి, 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో, గీత ఆగిన చోటి నుంచి కింద అర్ధవృత్తం గీయండి. మళ్ళీ మొదటి కేంద్రం, 3 సెంటీమీటర్లు, పైన. మళ్ళీ రెండో కేంద్రం, 4 సెంటీమీటర్లు, కింద. ప్రతి అర్ధవృత్తం ముందుదాని కొసకు అచ్చంగా అతుకుతుంది, చుట్టల మధ్య ఎడం ఎప్పుడూ 2 సెంటీమీటర్లే ఉంటుంది. ఇదే పనిని నేల మీద రెండు మేకులు, ఒక తాడు చేసిపెడతాయి.

ఒక సాలీడు, అంకెలతో సహా

సాధన కోసం నేను వాడే సాలీడు కొలతలను ఇక్కడ ఇస్తున్నాను. ఇది నాజ్కా సాలీడుకు నకలు కాదు, అదే పద్ధతిలో కూర్చుకున్నది. కాగితం మధ్యలో నిలువుగా 20 సెంటీమీటర్ల అక్షరేఖను గీసి, కింది కొసను సున్నాగా తీసుకోండి. అక్షం మీద 6 వద్ద కేంద్రం పెట్టి 3.5 వ్యాసార్ధంతో పొట్టను, 11.5 వద్ద కేంద్రం పెట్టి 2.2 వ్యాసార్ధంతో ముందు భాగాన్ని గీయండి. రెండు వృత్తాలూ 2 మిల్లీమీటర్ల మేర ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి; అవి ఖండించుకునే రెండు బిందువుల మధ్య సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల నడుము ఏర్పడుతుంది, ఆ మధ్యలోని చాపాలను చెరిపేయాలి.

కాళ్ళు నాలుగు జతలూ ముందు భాగం నుంచే బయలుదేరుతాయి. ప్రతి కాలికీ ఒక మోకాలు, ఒక కొన ఉంటాయి. అక్షం మీద కింది నుంచి ఎంత ఎత్తు, అక్షం నుంచి పక్కకు ఎంత దూరం అనే రెండు అంకెలతో వాటి స్థానాలను రాసుకుందాం. మొదటి కాలి మోకాలు 15 ఎత్తున 4 దూరంలోనూ, కొన 20 ఎత్తున 3 దూరంలోనూ ఉంటాయి. రెండో కాలికి మోకాలు 13.5, 6, కొన 16.5, 9. మూడో కాలికి మోకాలు 10, 6. కొన 7, 9. నాలుగో కాలికి మోకాలు 8.5, 4.7; కొన సున్నా ఎత్తున 4 దూరంలో. రెండో పక్కన ఇవే అంకెలు. ప్రతి కాలినీ 4 మిల్లీమీటర్ల వెడల్పున జంట గీతగా గీసి, పొట్ట అడుగున 4 మిల్లీమీటర్ల ద్వారం వదలండి. నాలుగో కాలు పొట్టకు దగ్గరగా పోతుంది కాబట్టి దాని వెడల్పును బయటికి పెంచితే ప్రమాదం లేదు గానీ, లోపలికి పెంచితే మొదట్లో పొట్ట గీతకు అంటుకుపోవచ్చు.

ఇప్పుడు ఈ బొమ్మను ఇంకొకరికి పంపించడానికి కాగితం కూడా అక్కరలేదు; పై రెండు పేరాల్లోని అంకెలు చాలు. 50 రెట్లు పెంచితే సాలీడు పొడవు 10 మీటర్లు, పొట్ట వ్యాసార్ధం 1.75 మీటర్లు, ముందు భాగపు వ్యాసార్ధం 1.1 మీటర్లు, కాలి వెడల్పు 20 సెంటీమీటర్లు అవుతాయి. 230 రెట్లు పెంచితే 46 మీటర్లు, అంటే నాజ్కా సాలీడు పొడవే వస్తుంది. అయితే పెంచినది బొమ్మ ఒక్కటే కాదు, తప్పు కూడా అంతే పెరుగుతుంది: కాగితం మీద ఒక మిల్లీమీటరు పొరపాటు 50 రెట్లలో 5 సెంటీమీటర్లు, 230 రెట్లలో 23 సెంటీమీటర్లు. కాబట్టి స్కేలుతో బొమ్మను కొలిచి పెంచవద్దు. రాసుకున్న అంకెలనే గుణించండి.

నేల మీద

చదునైన ఇసుక నేల గానీ, గడ్డి లేని మైదానం గానీ చూసుకుని, ఆ స్థలం ఎవరిదో వారి అనుమతి తీసుకోండి. మూడు నాలుగు బలమైన మేకులు, సాగని తాడు, కొలత టేపు, ఇసుకను పక్కకు లాగడానికి దంతె, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. తాడు విషయంలో నా అనుభవం చెబుతాను. మొదటిసారి నేను నైలాన్ తాడు వాడాను. పొట్ట వృత్తాన్ని ఒక చోట మొదలుపెట్టి చుట్టూ తిరిగి వచ్చేసరికి, గీత మొదలైన చోటికి జానెడు బయట తేలింది. నేను అలసిపోయి తాడును క్రమంగా గట్టిగా లాగడంతో అది సాగుతూ వచ్చింది. ఆ తరువాత వృత్తం గీసే ప్రతిసారీ మధ్యలో రెండుసార్లు ఆగి, తాడును టేపుతో సరిచూసుకుంటున్నాను. తాడును మేకు అడుగున, నేలకు దగ్గరగా వదులు ఉచ్చుతో తగిలించాలి. ముడి బిగిస్తే మీరు తిరిగేకొద్దీ తాడు మేకుకు చుట్టుకుని వ్యాసార్ధం తగ్గిపోతుంది. పైన కడితే మేకు వంగుతుంది.

ముందుగా రెండు మేకుల మధ్య 10 మీటర్ల అక్షరేఖను బిగించి, మీటరుకొక గుర్తు పెట్టండి. కేంద్రాల వద్ద మేకులు పాతి రెండు వృత్తాలు గీయండి. మోకాళ్ళ కోసం అక్షానికి లంబంగా పక్కకు కొలవాలి. లంబం కంటికొలతగా కుదరదు. తాడు మీద 3, 4, 5 మీటర్ల భాగాలు వచ్చేలా గుర్తులు పెట్టి, 4 మీటర్ల భుజాన్ని అక్షం వెంట ఉంచి త్రిభుజంగా బిగిస్తే, 3 మీటర్ల భుజం కచ్చితంగా లంబంగా నిలుస్తుంది. మొదటి కాలి మోకాలు ఇప్పుడు 7.5 మీటర్ల ఎత్తున, 2 మీటర్లు పక్కకు వస్తుంది. అక్కడ ఒక రాయి పెట్టండి. ఇలా అన్ని మోకాళ్ళకూ కొనలకూ రాళ్ళు పెట్టాక, రాయి నుంచి రాయికి తాడు బిగించి దాని వెంట గీయడమే మిగులుతుంది.

అమెరికాకు చెందిన పరిశోధకుడు జో నికెల్ 1982లో కెంటకీ రాష్ట్రంలోని ఒక పొలంలో, కొద్దిమంది సహాయకులతో, నాజ్కా కాండోర్‌ను 440 అడుగుల పొడవున దాదాపు ఇదే విధంగా గీసి చూపించారు: ఒక మధ్యరేఖ, దానికి లంబంగా కొలిచిన బిందువులు, కర్రతో చేసిన సాధారణ పరికరాలు. ఆకాశంలోంచి ఎవరో చూసి చెబితే తప్ప ఇటువంటివి గీయలేరన్న వాదనకు ఆ పొలమే జవాబు. నాజ్కాలో కొన్ని గీతల కొసల వద్ద పాతిన చెక్క గుంజల అవశేషాలు కూడా దొరికాయి. అయితే నాజ్కా ప్రజలు వాడినది వృత్తచాపాల పద్ధతో, మధ్యరేఖ పద్ధతో, రెండూ కలిపారో తేల్చే రాతపూర్వక ఆధారం లేదు. నా మట్టుకు, గుండ్రని శరీరానికి చాపాలు, వంకర కాళ్ళకు బిందువులు వాడటమే సుఖం.

ఇంకొక సంగతి. అక్కడి బొమ్మలన్నీ ఇంత పెద్దవి కావు. జపాన్‌లోని యమగాత విశ్వవిద్యాలయ బృందం, విమానాల నుంచి తీసిన ఫొటోలను కృత్రిమ మేధతో జల్లెడపట్టి, 303 కొత్త బొమ్మలను గుర్తించినట్టు 2024లో ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం రాళ్ళను ఏరి మచ్చలు మచ్చలుగా చేసినవి, సగటున 9 మీటర్లు మాత్రమే ఉన్నవి, కాలిబాటల పక్కన నడిచేవారికి కనిపించేవి. కాబట్టి మీ 10 మీటర్ల సాలీడును చిన్నబుచ్చుకోనక్కరలేదు.

మీరు సాధన చేసే చోటు ఇసుకో, దున్నిన నేలో అయితే సరే. రాళ్ళు పరుచుకున్న నిజమైన ఎడారి నేల మీద మాత్రం ఈ పని చేయవద్దు. అటువంటి నేల మీద పడిన అడుగుజాడ, బండి చక్రపు జాడ దశాబ్దాల తరబడి చెరగవు. నాజ్కాలో పాన్ అమెరికన్ రహదారి బల్లి బొమ్మను చీల్చుకుంటూ పోయింది. 2018లో ఒక లారీ రహదారి వదిలి గీతల మీదికి ఎక్కింది. ఆ జాడలను నేల తనంతట తాను మాన్పుకోలేదు.

గీత పూర్తయ్యాక దాన్ని ఎత్తు నుంచి ఫొటో తీసి చూసుకోండి. ఏటవాలుగా చూస్తే బొమ్మ కురచగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి: నేలతో 45 డిగ్రీల కోణంలో చూసినప్పుడు, దూరంగా సాగే 10 మీటర్ల పొడవు దాదాపు 7 మీటర్ల పొడవులా తోస్తుంది, అడ్డం మాత్రం మారదు. అందువల్ల పొట్ట వృత్తం అణిగినట్టు కనిపిస్తే గీతను దిద్దడానికి పరుగెత్తకండి. ముందు టేపుతో నిలువు వ్యాసాన్నీ అడ్డ వ్యాసాన్నీ కొలవండి, రెండూ మూడున్నర మీటర్లు ఉంటే వృత్తం సరిగానే ఉంది. నిజమైన తప్పు దొరికితే కాగితం మీది అంకెలతో పోల్చి, గుణకారంలో జరిగిందో, కొలతలో జరిగిందో తేల్చుకుని దిద్దండి. అక్షం మేకులను అప్పటిదాకా పీకవద్దు. అవి పోతే మళ్ళీ ఏ కొలతా ఎక్కడి నుంచి తీయాలో తెలియదు.